కత్తుల సంతలో కమ్మరి కొడుకు

2015 జూన్ మొదటి వారాంతం. అమెరికాలోని అట్లాంటా నగరానికి వాయవ్యపు అంచున ఉన్న కాబ్ గలేరియా సెంటర్ అనే ప్రదర్శనశాల ముందు వందలాది జనం బారులు తీరి నిలుచున్నారు. పెండ్లికి వచ్చినవారి ఉత్సాహమూ, రేషను దుకాణం ముందు నిలుచున్నవారి ఆత్రమూ వారి ముఖాల్లో కలగలిసి కనిపిస్తున్నాయి. తలుపులు తెరుచుకోగానే కొందరు పరుగనీ నడకనీ చెప్పలేని వేగంతో లోపలికి పోయారు. వారు వచ్చింది కత్తులు కొనడానికి.

ఆ వరుసలో చివరగా ఒక తెలుగు పెద్దాయన ఉన్నాడు. వయస్సు అరవై ఎనిమిది. స్వస్థలం నిజామాబాదు జిల్లాలో కమ్మర్‌పల్లి దాపుల ఒక గ్రామం. రోడ్డు రవాణా సంస్థ డిపోలో ముప్ఫై రెండేళ్లు మెకానిక్కుగా పనిచేసి విశ్రాంతి తీసుకొన్నవాడు. మనుమరాలు పుట్టిందని కొడుకు దగ్గరకు వచ్చి అప్పటికి రెండు నెలలయింది. ఆ రెండు నెలల్లో ఇంట్లో బాగుచేయదగినవన్నీ బాగుచేశాడు. బాగుగా ఉన్నవాటిని కూడా ఒకటి రెండింటిని విప్పి చూశాడు. పాడైనది ఇక ఏదీ మిగలక, వీధి వైపు చూస్తూ కూర్చొన్న తండ్రిని కొడుకు ఈ ప్రదర్శనకు తీసుకొని వచ్చాడు.

"కత్తులకు గూడ నుమాయిషా?" అన్నాడు పెద్దాయన కారులో. హైదరాబాదులో జనవరిలో జరిగే నుమాయిష్ తప్ప మరో ప్రదర్శన ఆయన ఎరుగడు. అయితే ఆయన తండ్రి కమ్మరి. తాత కమ్మరి. ఈ సంగతి కొడుకు మనస్సులో ఉన్నది.

బ్లేడ్ షో అనే ఈ ప్రదర్శన 1982లో మొదలయింది. అమెరికాలో చేతితో కత్తులు చేసేవారికి ఇది జాతర వంటిది. లోపల కనుచూపు మేర బల్లలు. ప్రతి బల్ల మీద నల్లని మఖమలు గుడ్డ, దాని మీద పది, పన్నెండు కత్తులు, బల్ల వెనుక వాటిని చేసిన మనిషి. వేట కత్తులు, వంటింటి కత్తులు, జేబులో మడిచి పెట్టుకొనేవి, మోచేయంత పొడవున్న బౌయీ కత్తులు. కొనవచ్చినవారు దొమ్మరిగుంపులు కారు, ముఠాల మనుషులు కారు. దంతవైద్యులు, రైతులు, బడిపంతుళ్లు, పెన్షను తీసుకొంటున్న సైనికులు. ఒక్కొక్క బల్ల దగ్గర జనం కిక్కిరిసి ఉంటే, అక్కడ చీట్లు వేస్తున్నారు. గిరాకీ ఎక్కువగా ఉన్న పనివాడు ఏడాదికి చేసే కత్తులు కొన్నే, కొనగోరేవారు మెండు. అందుచేత పేర్లు రాసి ఒక టోపీలో వేసి తీస్తారు. పేరు వచ్చినవాడికి అడిగిన ధర చెల్లించే భాగ్యం దక్కుతుంది.

ఆ ధరలు చూసి పెద్దాయన రెండుసార్లు కళ్లజోడు తుడుచుకొన్నాడు. నాలుగు వందల డాలర్లు చవక. వెయ్యి డాలర్లు మామూలు.

మొదటి అపశ్రుతి మూడవ బల్ల దగ్గర దొర్లింది. చక్కని వేటకత్తి ఒకటి కంటపడగానే ఆయన చేయి చాచి దాన్ని తీసుకొన్నాడు. అలుగును వెలుతురుకు ఎత్తి, ఒక కన్ను మూసి, వాదర పొడవునా చూశాడు. గోటితో మీటి చెవి దగ్గర పెట్టుకొన్నాడు. తరువాత బొటనవ్రేలిని వాదరకు అడ్డంగా మెల్లగా రాశాడు. కొడుకు గుండె గుభేలుమన్నది.

"బాపూ, ముట్టకు! అడిగి తీసుకోవాలె. అలుగు మీద వేలు పెట్టొద్దట."

"పదును చూడకుంట కత్తి ఎట్ల కొంటర్రా?"

ఇక్కడి మర్యాద వేరు. అనుమతి అడిగి, పిడి పట్టి తీయాలి. తిరిగి ఇచ్చేటప్పుడు పిడి అవతలివారి వైపు ఉండాలి. అలుగును తాకరాదు; చేతి చెమటలోని ఉప్పు తగిలితే మామూలు ఉక్కు రాత్రికి రాత్రే తుప్పు మరక వేస్తుంది. బల్ల వెనుక మనిషి ఏమీ అనకుండా గుడ్డముక్కతో అలుగు తుడిచాడు. తుడుస్తూ ఈ ముసలివాడి చేతుల వైపు ఒకసారి చూశాడు. మెకానిక్కు చేతులు అవి. వాటిలో కుడిచేతి వెనుక భాగాన మిణుగురులు పడి కాలిన చిన్న చిన్న తెల్లని మచ్చలు మెకానిక్కు పనిలో వచ్చినవి కావు. కొలిమి దగ్గర పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా తిత్తులు లాగినవాడికి, సమ్మెట కొట్టినవాడికి వచ్చేవి.

ఆ మనిషి తన చేయి చాచి చూపించాడు. అవే మచ్చలు. ఇద్దరి మధ్యా భాష లేదు. కొడుకు చెప్పవలసిన అవసరమూ కలుగలేదు.

ఈ వ్యాపారం యావత్తూ ఎక్కడ పుట్టిందో తెలుసుకొంటే పెద్దాయనకు ఆ తరువాత కలిగిన ఆశ్చర్యం అర్థమవుతుంది. బాబ్ లవ్‌లెస్ అనే నావికుడు 1950ల మొదట్లో న్యూయార్కులోని ఒక పెద్ద దుకాణానికి పోయి, ఫ్లోరిడాలో బో రాండల్ చేసే కత్తి ఒకటి కావాలన్నాడు. తొమ్మిది నెలలు ఆగాలన్నారు. ఆగే ఓపిక లేక, పాత ప్యాకర్డ్ కారు స్ప్రింగు పట్టీ ఒకటి సంపాదించి, ఓడ వంటింటి పొయ్యి మీద దాన్ని కాల్చి, తానే కత్తి చేసుకొన్నాడు. కొంతకాలానికి అదే దుకాణం ఆయన కత్తులను అమ్మసాగింది. 2010లో చనిపోయేనాటికి లవ్‌లెస్ పేరు చెక్కి ఉన్న కత్తి విలువ వేల డాలర్లకు చేరింది.

స్ప్రింగు పట్టీ అనే మాట దగ్గరే పెద్దాయన నిలిచిపోయాడు. ఉక్కు కడ్డీలు అమ్మే బల్ల ఒకటి హాలు మూలన ఉన్నది. దాని మీది అంకెలను కొడుకు చదివి చెబుతూ ఉంటే, 5160 అనే అంకె దగ్గర అమ్మేవాడు, "ఇది లారీ స్ప్రింగుల ఉక్కు; సుత్తెతో కొట్టేవారికి దీనిని మించింది లేదు" అన్నాడు. పెద్దాయన నవ్వాడు. వాళ్ల నాన్న జీవితమంతా చేసిన కొడవళ్లు, గొడ్డళ్లు విరిగిన లారీ కమాను పట్టీల నుంచి పుట్టినవే. నిజామాబాదు పాత సామాను బజారులో పట్టీలు కొని బస్సు టాపు మీద వేసుకొని వచ్చేవాడు. దాన్ని మునిమాపు వేళ తప్ప పాయనం పెట్టేవాడు కాడు. పగటి వెలుతురులో ఎరుపు మోసం చేస్తుంది. చీకటి పడుతుండగా ఇనుము తన అసలు రంగు చూపిస్తుంది. దానిమ్మ గింజ రంగు రాగానే లారీల నుంచి తీసేసిన పాత నూనెలో ముంచేవాడు. నీళ్లలో ముంచితే ఈ ఉక్కు పగులుతుంది. తరువాత ఆకురాయితో వాదర మీద ఒక్కసారి రాసి చూసేవాడు. ఆకురాయి పట్టకుండా జారితే పాయనం కుదిరినట్లు.

అట్లాంటాలోని కమ్మరులు ఎరుపును కంటితో చూడడమే కాక, అయస్కాంతం కూడా పెట్టి చూస్తారు. కాలిన ఉక్కు ఒక వేడి దగ్గర అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. అంతకు కొంచెం పైకి పోగానే నూనెలో ముంచుతారు. ఆకురాయి పరీక్ష మాత్రం అక్కడా అదే.

అన్ని బల్లల వెనుక ఉన్నవారూ కమ్మరులు కారని పెద్దాయన త్వరలోనే కనిపెట్టాడు. చాలామంది ఉక్కు పలకను కోసి, యంత్రం మీద రాచి కత్తి చేస్తారు. లవ్‌లెస్ కూడా ఎక్కువగా ఆ పద్ధతిలోనే చేశాడు. ఆ కత్తుల తీరు ఎంత అందంగా ఉన్నా పెద్దాయనకు ఆనలేదు. ఇది కులాభిమానమే కావచ్చు. కొలిమి లేని కమ్మరి ఆయన ఊహకు అందలేదు.

కొలిమి ఉన్నవారి సంఘం వేరుగా ఉన్నది. బిల్ మోరన్ అనే కమ్మరి పూనికతో 1976లో ఏర్పడిన అమెరికన్ బ్లేడ్‌స్మిత్ సొసైటీ అది. అందులో మాస్టర్ అనిపించుకోవడానికి ఏళ్లు పడుతుంది. మొదటి మెట్టు పరీక్ష ఇలా ఉంటుంది: అభ్యర్థి తాను చేసిన కత్తితో, వ్రేలాడుతున్న అంగుళం మందపు తాడును ఒక్క వ్రేటుతో తెగగొట్టాలి. అదే కత్తితో ఇంటి దూలాలకు వాడే కర్రను రెండుసార్లు నరికి రెండు ముక్కలు చేయాలి. ఆ తరువాత కూడా అదే వాదర ముంజేతి వెంట్రుకలను గొరగాలి. ఆఖరున కత్తిని పట్టాలో బిగించి తొంభై డిగ్రీలు వంచుతారు, విరగకూడదు. గట్టిదనమూ సాగుడుతనమూ రెండూ ఒకే ముక్కలో ఉండాలన్నమాట. కమ్మరితనమంతా ఆ రెంటి మధ్య బేరమే. పెద్దాయన ఈ పరీక్ష విని, "మా నాయన గొడ్డళ్లకు దినాం గిదే పరీచ్చ. కాకుంటే పాసయినట్టు కాగితం ఎవ్వడియ్యలే" అన్నాడు.

మధ్యాహ్నం దాటిన తరువాత వారు చేరిన వరుసలో కత్తులు వేరు తీరుగా ఉన్నాయి. అలుగుల మీద నీటి అలల వంటి గీతలు. డమాస్కస్ ఉక్కు అని రాసి ఉన్నది. ఇందులో ఎక్కువ భాగం రెండు రకాల ఉక్కు రేకులను పేర్చి, కాల్చి, ఒకటిగా అతికి, మడిచి, మళ్లీ అతికి చేసింది. 1973లో కాన్సాస్ సిటీలో జరిగిన ప్రదర్శనలో మోరన్ ఇటువంటి కత్తులను జనానికి చూపించి, ఆ పని నేర్చుకోగోరినవారికి నేర్పించాడు. ఆనాటి నుంచి అమెరికాలో దానికి గిరాకీ పుట్టింది.

ఆ వరుస చివర టెనెస్సీ నుంచి వచ్చిన తెల్లగడ్డపు కమ్మరి ఒకాయన కూర్చొన్నాడు. ఆయన బల్ల మీద మూడే కత్తులు. వాటి మీది గీతలు మడత పెట్టినవిగా లేవు. పాలు విరిగినప్పుడు కనిపించే సన్నని తరకల వలె, ఉక్కు లోపలి నుంచి పైకి తేలినట్లున్నాయి. కత్తి ధర మూడు వేల రెండు వందల డాలర్లు. ఆనాటి లెక్కన రెండు లక్షల రూపాయల పైచిలుకు. పక్కన చీటీ మీద ఒక మాట రాసి ఉన్నది. కొడుకు చదివాడు: "వూట్జ్."

అది ఏమిటని అడిగితే ఆ కమ్మరి నమస్కారం పెట్టినంత పని చేశాడు. "మీరు భారతదేశం నుంచే కదా వచ్చింది? ఇది మీ దేశపు ఉక్కు. దక్కను నుంచి పోయిన ఈ ఉక్కు ముద్దలతోనే పర్షియాలో, సిరియాలో పేరుమోసిన కత్తులు చేశారు. మీరు దీన్ని ఎలా పలుకుతారు? నాకు చాలాకాలంగా సందేహం" అన్నాడు.

కొడుకు తండ్రికి వివరించాడు. పెద్దాయన చీటీ వైపు, అలుగు వైపు చూసి, "ఉక్కు" అన్నాడు.

ఉక్కు అనే మాటనే పద్దెనిమిదవ శతాబ్దం చివర ఆంగ్లేయులు తప్పుగా విన్నారో, తప్పుగా రాసుకొన్నారో, అది వూట్జ్ అయిందని భాషావేత్తల్లో చాలామంది అభిప్రాయం. కన్నడంలోనూ తెలుగులోనూ మాట ఒకటే. టెనెస్సీ కమ్మరి "ఊకు" అన్నాడు, "ఉకు" అన్నాడు. ఒత్తు కుదరలేదు. పెద్దాయన ఓపికగా నాలుగుసార్లు చెప్పాడు, చిన్నపిల్లవాడికి అక్షరాభ్యాసం చేయించినట్లు. అయిదవసారి కుదిరింది. ఆ కమ్మరి చీటీని తిరగేసి వెనుక వైపు తన భాషలో ఆ ఉచ్చారణను రాసుకొన్నాడు.

లండనుకు ఈ ఉక్కు ముక్కలు 1794లో చేరాయి. మరుసటి సంవత్సరం పియర్సన్ అనే శాస్త్రజ్ఞుడు దాని మీద వ్యాసం ప్రకటించాడు. 1819లో మైకేల్ ఫారడే దాన్ని విశ్లేషించాడు. విద్యుచ్ఛక్తి మీద పరిశోధనలతో లోకప్రసిద్ధుడైన ఫారడే కూడా ఒక కమ్మరి కొడుకే. ఈ ఉక్కు రహస్యం అల్యూమినియంలో ఉన్నదని ఆయన పొరబడ్డాడు. ఐరోపా కమ్మరులు తమ అలవాటు చొప్పున దాన్ని తెల్లగా కాల్చి కొడితే సుత్తె కింద పొడి అయిపోయింది. ఇందులో బొగ్గుపాలు ఎక్కువ, నూటికి ఒకటిన్నర వంతు దాకా. అందుచేత తక్కువ వేడి మీదనే, మళ్లీ మళ్లీ కాల్చి, మెల్లగా కొట్టాలి. 1980ల నుంచి ఫ్లోరిడాలో గుర్రాలకు నాడాలు కొట్టే ఆల్ పెండ్రే, అయోవా స్టేట్ విశ్వవిద్యాలయంలో లోహశాస్త్రాచార్యుడు జాన్ వెర్హోవెన్ కలిసి కృషి చేసి, ఆ అలలు మళ్లీ తెప్పించారు. ఖనిజంలో అతిస్వల్పంగా ఉండే వనేడియం వంటి మూలకాలు ఆ గీతలకు కారణమని 1998లో ప్రకటించారు. ఆ ఖనిజం దొరకడం మానగానే పాత కమ్మరుల చేతిలో గీతలు రావడం మానేసి ఉంటాయని వారి ఊహ. ఎందుకు పోయిందో ఆ కమ్మరులకు తెలిసి ఉండదు. అదే పని, అదే కొలిమి. ఫలితం మాత్రం రాలేదు.

"ఎక్కడి నుంచి పోయేదో మీకు తెలుసా?" అని టెనెస్సీ కమ్మరి ఒక పాత పుస్తకపు నకలు తీసి చూపించాడు. త్రికోణమితి సర్వేలో పనిచేసిన భూగర్భశాస్త్రజ్ఞుడు వాయిసీ 1820లలో నిజాం రాజ్యంలో తిరిగి రాసిన వర్ణన అది. ఆయన మరణానంతరం 1832లో అచ్చయింది. మట్టి మూసల్లో రెండు రకాల ఇనుమును పాళ్లు కట్టి వేసి, మూత మెత్తి, రోజంతా తిత్తులు ఊది కరిగించి, మూసలోనే చల్లారనిచ్చే పద్ధతి అందులో ఉన్నది. ఇస్ఫహాను నుంచి వచ్చిన వర్తకుడు ఒకడు స్వయంగా ఆ ఊరిలో కూర్చొని సరుకు కొనుక్కొని పోయేవాడట. ఊరి పేరును కొడుకు అక్షరం అక్షరం కూడబలుక్కొని చదివాడు. కోనసముద్రం.

పెద్దాయన ఏమీ అనలేదు. కోనసముద్రం ఆయన ఊరికి సైకిలు దూరం. మేనత్తను ఇచ్చిన ఊరు. అక్కడ చెలకల్లో నల్లని చిట్టెపు రాళ్లు ఎక్కడ పడితే అక్కడ దొరికేవి. చిన్నతనంలో వాటితో మామిడికాయలు రాల్చాడు. రైతులు వాటిని ఏరి గట్ల మీద పోసేవారు. ఆ చిట్టెం ఎక్కడిదని ఆయన అడిగినట్లు గుర్తు లేదు; బడిలో ఎవరూ చెప్పలేదు. 2010లో ఎక్సెటర్ విశ్వవిద్యాలయం వారు, బెంగుళూరులోని జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ వారు కలిసి ఉత్తర తెలంగాణమంతా తిరిగి, పాత ఇనుప పనులు జరిగిన చోట్లను రెండు వందలకు పైగా నమోదు చేశారు. ఆ సంగతీ ఆయనకు తెలియదు. అరవై ఎనిమిదవ ఏట, ఎనిమిదివేల మైళ్లు ఎగిరి వచ్చి, గడ్డపు దొర నోట విన్నాడు.

మాటల్లో మాటగా ఆ కమ్మరి, ఏ కమ్మరి అయినా మరో కమ్మరిని అడిగే ప్రశ్న అడిగాడు. "మీ నాన్నగారి దాగలి ఇప్పుడు ఎక్కడ ఉన్నది?"

కొడుకు తెలుగులో చెప్పాడు. పెద్దాయన కొంచెంసేపు అలుగు మీది గీతలు చూశాడు.

"ఇంట్లనే ఉన్నదని చెప్పు," అన్నాడు.

కొడుకు తండ్రి ముఖంలోకి చూడకుండా, అలాగే చెప్పాడు. 2003లో తాత చనిపోయిన నెలకు ఆ దాగలి పాత ఇనుము బండివాడికి పోయిందని అతనికి తెలుసు. డెబ్బై కిలోలు, కిలో తొమ్మిది రూపాయలు, ఆరువందల ముప్ఫై రూపాయలు. అప్పటికే ఊళ్లో ట్రాక్టర్లు వచ్చి కర్రులు కొట్టించేవాడు లేడు, కోత యంత్రాలు వచ్చి కొడవళ్లు అడిగేవాడు లేడు. కల్లం దగ్గర కమ్మరికి కొలిచే మేర గింజలు అంతకు పదేళ్ల ముందే ఆగిపోయాయి. దాగలి వాకిట్లో అడ్డంగా ఉన్నదని ఇంట్లో అందరూ అనేవారు. బండివాడూ అతని కొడుకూ కలిసి దాన్ని దొర్లించుకొని పోయారు. ఇవాళ ఈ హాలులోనే, కొలిమి సామాను అమ్మే చోట, అంతటి దాగలికి వెయ్యి డాలర్లకు పైగా చీటీ వేలాడుతున్నది.

బయటకు పోయే ముందు పెద్దాయన ఉక్కు కడ్డీల బల్ల దగ్గరకు తిరిగి వచ్చాడు. అడుగున్నర పొడవు, అంగుళంన్నర వెడల్పు ఉన్న 5160 పట్టీ ఒకటి చేతితో తూచి చూసి, పద్నాలుగు డాలర్లు ఇచ్చి కొన్నాడు. దాదాపు తొమ్మిది వందల రూపాయలు. విమానంలో సామాను తూకం గురించి కొడుకు ఒక మాట అనబోయి మానుకొన్నాడు.

ఆగస్టులో తిరిగి వచ్చిన తరువాత ఆ పట్టీని ఆయన ఆర్మూరులో ఉన్న పినతండ్రి కొడుకు దగ్గరకు తీసుకొని పోయాడు. తమ్ముడికి వెల్డింగు దుకాణం. ఇనుప గేట్లు, కిటికీ చువ్వలు చేస్తాడు. పట్టీని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది కమాను పట్టీనే గద అన్నా! దీన్ని అమెరికా కెల్లి మోసుకొచ్చినవా?" అన్నాడు. తరువాత, ఏం చేయాలని అడిగాడు. కొడవలి అన్నాడు అన్న. ఎవరికి అని అతడు అడగలేదు.

దాగలి లేదు. రైలు పట్టా ముక్క ఒకటి దొరికింది. దుకాణం వెనుక గుంత తవ్వి, బొగ్గులు పోసి, పాత కూలరు ఫ్యాను బిగించారు. సమ్మెట తమ్ముడు పట్టాడు, సుత్తె అన్న పట్టాడు. ఆ సుత్తె తండ్రిది. చాలాకాలం పెరటి తలుపు కొట్టుకోకుండా దానికి ఆనించి ఉన్నది. రెండు పూటలు పట్టింది. భుజాలు పట్టేశాయి. కొడవలి వంపు తండ్రి తీర్చిన వంపుగా రాలేదు, కొస దగ్గర కొంచెం అటు పోయింది. పాయనానికి మాత్రం పొద్దుగూకేదాకా ఇద్దరూ ఆగారు. వీధి దీపం వెలుగు పడకుండా తమ్ముడు గోనెపట్టా అడ్డం కట్టాడు. దానిమ్మ గింజ రంగు వచ్చిందని అన్న అనగానే నూనెలో ముంచారు. పొగ లేచింది. చల్లారిన తరువాత పెద్దాయన ఆకురాయి తీసుకొని, వాదర మీద ఒక్కసారి రాశాడు.

జారింది.